రాడార్ ఎరుపు వేరు, మోడల్ ఎరుపు వేరు

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం, తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినపడుతోందా? తమ్ముడూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు... ఆ, చాలు చాలు.

ఇందాక పరిచయం చేసినాయన నన్ను వాతావరణ నిపుణుడు అన్నారు. కాదండీ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తా. రెండెకరాల మాగాణి ఉంది, అది కౌలుకిచ్చా. అంతే నా అర్హత. నేను చెప్పింది తప్పయితే మా వీధిలో నాకు టీ కూడా పొయ్యరు, అదొక్కటే నా మీద ఉన్న కంట్రోలు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, ఒక తప్పుతో పట్టుకుంది. కొన్నేళ్ల కిందట, నవంబర్ ఆఖరు, వరి కోతకొచ్చింది. మా వీధి చివర ఒక బాబాయి ఉన్నాడు, ఆయన అడిగాడు, "ఏరా అబ్బాయ్, ఎప్పుడూ ఫోన్లో ఆ రంగులు చూస్తుంటావుగా, కోయించమంటావా, నాలుగు రోజులు ఆగమంటావా?" అని. నేను వెంటనే ఫోన్ తీశా, ఒక యాప్ తెరిచా, సముద్రం మీద ఎర్రగా ఒక మచ్చ ఉంది, మన వైపంతా తెల్లగా ఉంది. "కోయించు బాబాయ్, చుక్క పడదు" అన్నా. ఎంత ధైర్యంగా అన్నానో తెలుసా? ఆయన కూలీలని మాట్లాడి కోయించాడు. పనలు చేలోనే ఉన్నాయి, ఇంకా కుప్ప వెయ్యలేదు. మూడో రోజు రాత్రి మొదలైంది వాన. తెల్లారి వెళ్తే పనల కింద నీళ్లు. వారానికి గింజ రంగు తిరిగింది, అడుగు పనల్లో మొలకలొచ్చాయి. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాకు తెలిసిందేంటంటే, ఆ రోజు నేను చూసింది రాడార్ అనుకున్నా. కాదు. అది మోడల్. నేను దాన్ని వానకి తీసిన ఫోటో అనుకున్నా, అదేమో ఒక కంప్యూటర్ వేసిన లెక్క. రెండిట్లోనూ ఎరుపే ఉంటుంది, రెండూ మ్యాప్ మీదే కదుల్తాయి, యాప్‌లో రెండూ పక్కపక్క బటన్లే. మీలో ఎంతమందికి ఆ తేడా తెలుసు? చేతులెత్తక్కర్లేదులెండి, నాకూ తెలీదు అప్పుడు. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ తేడా గురించే. రాడార్ ఎరుపు జరిగిపోయిన సంగతి. పది నిమిషాల కిందటిదే అయినా సరే, జరిగింది. మోడల్ ఎరుపు ఇంకా జరగనిది.

ముందు రాడార్ చూద్దాం. మనకి దగ్గరది మచిలీపట్నం. ఇక్కడికి గట్టిగా యాభై అయిదు కిలోమీటర్లు. ఇంకా విశాఖపట్నం ఉంది, అది కైలాసగిరి మీద ఉంది, హైదరాబాద్ ఉంది, శ్రీహరికోట, చెన్నై ఉన్నాయి. మన దేశంలో మొదటి డాప్లర్ రాడార్, అంటే వానతో పాటు గాలి వేగం కూడా కొలిచేది, 2002లో చెన్నైలోనే పెట్టారు. వాటి బొమ్మలు మన వాతావరణ శాఖ ఐఎండీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. సుమారు పది నిమిషాలకొక బొమ్మ మారుతుంది.

బొమ్మ తెరవగానే ఏం చూడాలి? రంగు కాదు. టైమ్ చూడాలి. మళ్లీ చెప్తా, ముందు టైమ్ చూడాలి. బొమ్మ మీద 09:00 అని ఉందనుకోండి, పొద్దున తొమ్మిది అనుకుంటాం. అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైమ్. దానికి అయిదున్నర గంటలు కలపాలి, అంటే మధ్యాహ్నం రెండున్నర. నేను మొదటి ఎండాకాలం అంతా ఈ లెక్క తెలీక, "అదేంటి, పొద్దున్నే ఇన్ని ఉరుములా" అని ఆశ్చర్యపోతూ గడిపా. ఒక్కోసారి రాడార్‌కి రిపేరు పడితే నిన్నటి బొమ్మే అలా ఉండిపోతుంది, అది చూసి వాట్సాప్‌లో "గుంటూరు వైపు భారీ మేఘాలు వచ్చేస్తున్నాయి" అని పెట్టేవాళ్లని నేను చూశా. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా, ఒకసారి.

ఇప్పుడు రంగులు. పక్కన ఒక కొలబద్ద ఉంటుంది, డీబీజెడ్ అని రాసి ఉంటుంది. రాడార్ ఒక తరంగం పంపిస్తుంది, అది చినుకులకి తగిలి కొంత వెనక్కొస్తుంది, ఎంత వెనక్కొచ్చిందన్నదే ఈ డీబీజెడ్. లెక్కల మాస్టార్ని కదా, ఇక్కడ కాస్త ఆగుతా, తిట్టుకోకండి. ఇది లాగరిథం. పిల్లలు అడుగుతుంటారు, లాగరిథం ఎందుకు పనికొస్తుంది సార్ అని. ఇదుగో, ఇందుకు. ముప్ఫై నుంచి నలభైకి వెళ్తే పది పెరిగినట్టు కాదు, వెనక్కొచ్చే తరంగం పది రెట్లు పెరిగినట్టు. 1948లో మార్షల్, పామర్ అని ఇద్దరు చినుకుల సైజులు కొలిచి ఒక సూత్రం ఇచ్చారు, దాని ప్రకారం వేస్తే 30 అంటే గంటకి సుమారు 3 మిల్లీమీటర్ల వాన, గొడుగు లేకుండా కిరాణా కొట్టుకి వెళ్లొచ్చే వాన. 40 అంటే గంటకి 11, 12 మిల్లీమీటర్లు. 50 అంటే దాదాపు 48. చూశారా? బొమ్మలో పసుపు పక్కన ఎరుపు, రెండడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి, కింద నేల మీద మాత్రం ఒకచోట జల్లు, ఇంకోచోట కుంభవృష్టి.

ఇంకో తిరకాసుంది. వెనక్కొచ్చే తరంగం చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో ఉంటుంది. ఒక మిల్లీమీటర్ చినుకు, రెండు మిల్లీమీటర్ల చినుకు తీసుకోండి. పెద్దదాంట్లో నీళ్లు ఎనిమిది రెట్లే, రాడార్‌కి కనపడేది మాత్రం అరవై నాలుగు రెట్లు! అందుకని లావు చినుకులు కొన్ని పడ్డా బొమ్మ ఎర్రబడిపోతుంది. వడగళ్లయితే ఇంక చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 55 దాటిన రంగు కనపడితే అది ఎక్కువ వాన అనుకోకండి, వడగళ్లేమో అని అనుమానించండి. మామిడి తోట ఉన్నవాళ్లకి ఆ అనుమానం ముఖ్యం.

మ్యాక్స్ జెడ్ అని ఒక బొమ్మ ఉంటుంది, ఎక్కువమంది చూసేది అదే. దాని పైనా, కుడిపక్కనా రెండు పట్టీలుంటాయి, వాటిని ఎవరూ చూడరు. నేనూ చాలాకాలం చూడలా, అదేదో డిజైన్ అనుకున్నా. అవి మేఘాన్ని పక్కనుంచి చూపిస్తాయి. ఎంత ఎత్తు లేచిందో అక్కడ తెలుస్తుంది. మ్యాప్ మీద రెండు మచ్చలు ఒకే రంగులో ఉంటాయి, ఒకటి పట్టీలో ఆరు కిలోమీటర్లకే ఆగిపోతుంది, ఇంకోటి పదిహేను దాకా లేచి ఉంటుంది. మొదటిది ముసురు. రెండోది పిడుగులు మోసుకొచ్చే క్యుములోనింబస్. పొలంలో ఉన్న మనిషికి ఫోన్ చేసి ఇంటికి రమ్మనాల్సింది రెండోదానికి.

రాడార్ అబద్ధం చెప్తుందా? చెప్పదు గానీ, అది చూసే చోటు మనం ఉండే చోటు కాదు. కిరణాన్ని అర డిగ్రీ పైకి ఎత్తి పంపిస్తారు, భూమేమో కిందకి వంగిపోతుంది, అందుకని దూరం పెరిగేకొద్దీ కిరణం పైపైకి పోతుంది. వంద కిలోమీటర్ల దగ్గర కిలోమీటరున్నర ఎత్తులో ఉంటుంది, రెండొందల దగ్గర నాలుగు కిలోమీటర్ల ఎత్తులో. తెనాలి మీద మచిలీపట్నం రాడార్ ఏడొందల మీటర్ల లోపే చూస్తుంది, మనం అదృష్టవంతులం. ఖమ్మం మీద అదే రాడార్ మూడు కిలోమీటర్ల దగ్గర చూస్తుంది. అక్కడ తక్కువ ఎత్తులో పడే వాన దీనికి అందదు. ఖమ్మంలో మా తోడల్లుడు "ఇక్కడ కురుస్తోంది, నీ బొమ్మలో ఏమీ లేదేంటి బావా" అని ఫోన్‌లో ఎగతాళి చేశాక ఈ లెక్క నేర్చుకున్నా. దీనికి రివర్స్ కూడా ఉంది. మే నెలలో పైన పచ్చగా, పసుపుగా కనపడుతుంది, కింద ఒక్క చుక్క లేదు. పైన పడింది, కిందికి వచ్చేలోపు మన ఎండకి ఆవిరైపోయింది. ఇంకా రాడార్ చుట్టూ తెల్లవారుజామున కదలకుండా కూర్చునే మచ్చలు, అవి భవనాలో, నేల మీదికి వంగిన కిరణమో. ఎలా గుర్తుపట్టాలి? వాన కదుల్తుంది. కొండ కదలదు.

డాప్లర్ గాలి బొమ్మ గురించి ఇవాళ పెద్దగా చెప్పను. రాడార్ వైపు వచ్చే గాలి ఒక రంగు, దూరం పోయేది ఇంకో రంగు, అడ్డంగా వీచేది అసలు కనపడదు. అది తెలిస్తే మొదటి సంవత్సరానికి చాలు.

ఇప్పుడు చెయ్యగలిగే పని ఒకటి చెప్తా. బొమ్మలో ఒక ఎర్ర చుక్క పట్టుకోండి. దాని చోటు కాగితం మీద గుర్తుపెట్టుకోండి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. ఎన్ని కిలోమీటర్లు కదిలింది, ఏ దిక్కుకి? పదిహేను కదిలితే గంటకి ముప్ఫై. మీ ఊరికి అరవై ఉంటే రెండు గంటలు. అయిపోయింది, మీరు ఫోర్‌కాస్టర్ అయిపోయారు! అయిపోయారా? కాలా. గంట లోపు లెక్క బాగానే నిలబడుతుంది, రెండు గంటలు దాటితే సగంసార్లు ఆ చుక్క మీ ఊరికి రాకముందే చచ్చిపోతుంది, లేదా దాని పక్కన ఇంకోటి పుట్టి అది ముందు వచ్చేస్తుంది. ఎండాకాలం ఉరుముల మేఘం ఒక్కొక్కటి ముప్పావుగంట, గంట బతుకుతుంది, కుటుంబంగా ఉంటేనే ఎక్కువసేపు ఉంటుంది.

ఒక్కోసారి ఆ ఎరుపుకి ముందు సన్నగా, వెంట్రుకంత గీత కనపడుతుంది. రంగు తక్కువ, లేత నీలమో ఆకుపచ్చో. దాన్ని వదలకండి. మేఘం లోంచి కిందికి దిగిన చల్లగాలి దుమ్మునీ పురుగుల్నీ నెట్టుకుంటూ వస్తుంటే అది గీతలా కనపడుతుంది. అది ముందు వస్తుంది, వాన వెనకొస్తుంది. కల్లంలో మిరపకాయ ఆరబోసినవాళ్లకి వానకంటే ఆ గాలే పెద్ద శత్రువు, పట్టా కప్పే లోపు పట్టానే ఎగరేసుకుపోతుంది. ఇక్కడ ఎవరైనా అమరావతి, పెదకూరపాడు వైపు నుంచి వచ్చారా? ఆ, మీకు నేను చెప్పాలా!

సరే, రాడార్ ఇంతవరకే. రెండు గంటల తర్వాత ఏమిటి, రేపేంటి, ఎల్లుండేంటి అంటే రాడార్ నోరు మూసుకుంటుంది. అక్కడ మోడల్ రావాలి.

మోడల్ అంటే ఏంటి? ఆకాశాన్ని గళ్ల నోటుబుక్ లాగా గళ్లుగా కోస్తారు. ప్రతి గడికీ గాలి, వేడి, తేమ, పీడనం ఒక్కో నంబరు ఇస్తారు, ఆ నంబర్లు ఉపగ్రహాల నుంచి, ఓడల నుంచి, విమానాల నుంచి, బెలూన్ల నుంచి వస్తాయి. బెలూన్ అంటే గుర్తొచ్చింది, రోజూ తెల్లవారుజామున అయిదున్నరకి, సాయంత్రం అయిదున్నరకి ప్రపంచమంతా ఒకే టైమ్ లెక్కకి బెలూన్లు ఎగరేస్తారు, అదే యూటీసీ సున్నా, పన్నెండు. మనకేమో అయిదున్నర అవుతుంది. ఆ నంబర్ల మీద భౌతికశాస్త్రం సూత్రాలు వేసి ముందుకి జరుపుతారు. అంతే. మంత్రం లేదు.

అమెరికా వాళ్లది జీఎఫ్ఎస్, రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది. యూరప్ వాళ్లది ఈసీఎండబ్ల్యూఎఫ్, యాప్‌లలో యూరోపియన్ మోడల్ అని ఉంటుంది, దాని గడి 9 కిలోమీటర్లు. మన దేశానివీ ఉన్నాయి, 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని 6 కిలోమీటర్ల గడితో మొదలుపెట్టారు, పుణెలో తయారైంది. జీఎఫ్ఎస్ లెక్క లోపల ఇంకా చిన్న గళ్లలో వేసుకున్నా, మనం మామూలుగా చూసే డేటా గడి పావు డిగ్రీ, అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. తెనాలికీ గుంటూరుకీ మధ్య దూరం ఎంత? సుమారు పాతిక. అంటే ఒక్క గడిలో తెనాలీ గుంటూరూ రెండూ పట్టేయొచ్చు, రెండిటికీ కలిపి ఒకటే నంబరు. యాప్‌లో "తెనాలి, సాయంత్రం 4 గంటలకి 2.3 మిల్లీమీటర్లు" అని ఉంటే ఆ పాయింట్ మూడు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? మన బజార్లో ఒక పక్క తడిసి ఇంకో పక్క పొడిగా ఉండే వాన మీరెప్పుడూ చూళ్లేదా?

బాబాయి విషయంలో నా తప్పు ఇక్కడుంది. నేను చూసింది ఒక్క మోడల్, ఒక్కసారి నడిపిన ఫలితం. అంతకుముందు నడిపినదాంట్లో ఏముంది, తర్వాతదాంట్లో ఏముంది, పక్క మోడల్ ఏమంది, ఏదీ చూడలా. ఇప్పుడు నేనేం చేస్తానంటే, వరసగా నాలుగు రన్‌లు చూస్తా. అల్పపీడనం నాలుగింట్లోనూ ఒకేచోట ఉంటే కాస్త నమ్ముతా. ఒకదాంట్లో నెల్లూరు, ఇంకోదాంట్లో ఒడిశా, ఇంకోదాంట్లో అసలు లేకుండా ఉంటే, మోడల్‌కే తెలీదని అర్థం. దానికే తెలీనిది నాకేం తెలుస్తుంది?

ఎన్‌సెంబుల్ అని ఒకటుంది, చాలామంది దాని జోలికి పోరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. యూరోపియన్ మోడల్ ఒకే లెక్కని మొదటి నంబర్లు కొంచెం కొంచెం మార్చి యాభై ఒక్కసార్లు వేస్తుంది. యాభై ఒక్కమంది పంతుళ్లని ముహూర్తం అడిగినట్టు. నలభై అయిదు మంది శుక్రవారం అంటే శుభలేఖలు కొట్టించుకోవచ్చు. తలా ఒక రోజు చెప్తే కల్యాణమండపానికి అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగాలి. తుఫాను ట్రాక్ గీతలన్నీ ఒక తాడులా కలిసి ఉన్నాయా, చీపురులా విచ్చుకున్నాయా, అది చూడండి చాలు.

ఇక అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే జీఎఫ్ఎస్ పదహారు రోజుల దాకా చూపిస్తుంది కదా, పన్నెండో రోజున బంగాళాఖాతంలో భయంకరమైన తుఫాను. మచిలీపట్నం మీదికి! యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ రెడీ. మర్నాటికి ఆ తుఫాను బర్మా వెళ్లిపోతుంది, ఆ మర్నాటికి ఉండదు. పది రోజుల అవతల మ్యాప్ చూసి భయపెట్టేవాళ్లని నేను క్షమించలేను, ఎందుకంటే ఆ భయంతో పచ్చిగా ఉన్న చేను కోయించేవాళ్లున్నారు.

మీకు ఇంకో సంగతి చెప్తా, ఇది కనిపెట్టిన రోజు నాకు చాలా సంతోషమేసింది. పేపర్లో రాస్తారు చూడండి, "ఉపరితల ఆవర్తనం సముద్రమట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తులో కొనసాగుతోంది" అని. ఎక్కువసార్లు 1.5, 3.1, 5.8, ఇవే ఎందుకుంటాయి? ఎందుకంటే అవి 850, 700, 500 హెక్టోపాస్కల్ పీడనం ఉండే ఎత్తులు. మోడల్ యాప్‌లో ఎత్తు మార్చే మీట ఉంటుంది, దాన్ని 700 దగ్గర పెట్టి గాలి చూడండి, పేపర్లో చెప్పిన ఆవర్తనం సుడి తిరుగుతూ కనపడుతుంది. ఇన్నేళ్లు రేడియోలో విన్న మాటకి బొమ్మ దొరికింది నాకు.

ఇప్పుడు విజయవాడ. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. వాయుగుండం తీరం దాటింది ఎక్కడ? శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. మునిగింది ఎక్కడ? సింగ్‌నగర్. మధ్య దూరం నాలుగొందల కిలోమీటర్ల పైనే. మ్యాప్ మీద వాయుగుండం గుర్తు ఎక్కడుందో అందరి కళ్లూ అక్కడే ఉంటాయి, నావీ అక్కడే ఉన్నాయి, మనకేం కాదులే అనుకుని పడుకున్నా. వర్షాకాలం వాయుగుండానికి గట్టి వాన మామూలుగా నైరుతి పక్కన పడుతుందని ఐఎండీ బులెటిన్లు చదివేవాళ్లకి తెలుసు, నేనూ చదివా, చదివింది ఆ రాత్రి గుర్తురాలా. 2020 అక్టోబర్ 13న కూడా చూడండి, తీవ్ర వాయుగుండం పొద్దున కాకినాడ దగ్గర దాటింది, ఆ రాత్రి మునిగింది హైదరాబాద్, ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్ల పైన పడింది.

సింగ్‌నగర్‌ని ముంచిన బుడమేరు వాగు ఇంకో పాఠం చెప్పింది. అది పుట్టేది మైలవరం వైపు కొండల్లో. సింగ్‌నగర్‌లో ఉన్న మనిషి రాడార్ తెరిచి తన ఇంటి మీద రంగు చూసుకుంటే లాభం లేదు, మైలవరం మీద చూడాలి. అక్కడ ఎరుపు గంటల తరబడి అదే గీత మీద ఒకదాని వెనక ఒకటి లారీల్లా వస్తోందా? అలాగైతే మీ వీధిలో చినుకు లేకపోయినా సామాను మేడమీదికి ఎక్కించాలి. ఖమ్మంలో మున్నేరుకీ ఇదే లెక్క, ఆ నీళ్లు పైన వరంగల్ వైపు నుంచి రావాలి. రేపు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు వచ్చాయని విన్నాక రాడార్ చూసి ఉపయోగం ఏముంది? మీ ఊరి వాగు ఎక్కడ పుడుతుందో ఈ రాత్రి ఇంటికెళ్లి మ్యాప్‌లో చూడండి. నాకు మా వాగుది నలభై ఏడో ఏట తెలిసింది, సిగ్గులేకుండా చెప్తున్నా.

మిచాంగ్ తుఫాను అప్పుడు, 2023 డిసెంబర్ 5న, బాపట్ల దగ్గర దాటిందే, అప్పుడు మళ్లీ వరి కోతల టైమే. అప్పటికి నేను కొంచెం నేర్చుకున్నా. బాబాయి అడిగాడు. అడిగాడండీ, మళ్లీ నన్నే అడిగాడు! ఈసారి నేను కోయించు, వద్దు అని చెప్పలేదు. "మోడల్స్ అన్నీ నెల్లూరుకీ బందరుకీ మధ్యే చూపిస్తున్నాయి, ఐఎండీ కూడా అదే అంటోంది, ఎక్కడ దాటినా మనకి వాన తప్పదు. కోసి పనల మీద ఉంచడం మాత్రం వద్దు, మిషన్ దొరికి గింజ ఇంటికి చేరుతుందంటే కోయించు, లేకపోతే నిలబెట్టే ఉంచు" అన్నా. మిషన్ దొరకలా. చేను పడిపోయింది, నీళ్లలో నానింది. అంటే ఈసారి ఫోర్‌కాస్ట్ కరెక్టే, పంట మాత్రం దక్కలా. తుఫాను రోజున రాడార్‌లో పట్టీలు పట్టీలుగా వస్తుంది వాన, పట్టీకీ పట్టీకీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలో కొంతమంది తగ్గిపోయిందనుకుని చేలకి బయల్దేరారు. నేను గుమ్మంలో నిలబడి ఫోన్ చూస్తూ, ఇంకో నలభై నిమిషాల్లో మళ్లీ వస్తుంది వెనక్కి రండి అని కేకలేశా. ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలి అని ఇందాక ఒక అబ్బాయి అడిగాడు. ఏమీ కొనొద్దు. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి, నోటుబుక్ ఒకటి. డబ్బాని ఆరుబయట పెట్టండి, చెట్టు కింద కాదు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి కొలవండి, ఐఎండీ కూడా ఆ టైమ్‌కే లెక్క కడుతుంది, అప్పుడు పేపర్లో వచ్చే మీ మండలం అంకెతో పోల్చుకోవచ్చు. నోటుబుక్‌లో ముందు రోజు రాత్రే మోడల్ ఏం చెప్పిందో రాయండి, మీరేం అనుకుంటున్నారో రాయండి, పొద్దున ఏం పడిందో రాయండి. ముందు రాయాలి, వాన పడ్డాక రాస్తే అందరం నిపుణులమే. నా మొదటి నోటుబుక్‌లో మే నెల ఉరుముల వానలకి నేను చెప్పినవి సగం కూడా నిలబడలా. ఆ పుస్తకం ఇక్కడే ఉంది, కావాలంటే చూడండి, ఎర్ర సిరా అంతా నా తప్పులే.

తుఫాను హెచ్చరికల దగ్గర మాత్రం నా మాట వినొద్దు. ఐఎండీ రెడ్ అంటే రెడ్డే. నేను ఆరెంజ్ అనుకుంటున్నా అంటే నన్ను నాలుగు తిట్టి ఖాళీ చేసి వెళ్లిపోండి.

ఏంటమ్మా? ఇప్పుడు వాన పడుతుందా అనా? ఉండండి, చూస్తా. బొమ్మ టైమ్ 12:20, అయిదున్నర కలిపితే అయిదూ యాభై, అంటే పావుగంట కిందటిది. చిలకలూరిపేట పక్కన ఒకటుంది, నలభై అయిదు డీబీజెడ్ దాకా ఉంది, పట్టీలో ఎత్తు... పన్నెండు కిలోమీటర్లు. అరగంటలో పన్నెండు కిలోమీటర్లు తూర్పుకి జరిగింది. బతికుంటే పొన్నూరుకి గంటన్నర. పొన్నూరు నుంచి వచ్చినవాళ్లు ప్రశ్నలు రేపు ఫోన్‌లో అడగండి, ఇప్పుడు బయల్దేరండి. మిగతావాళ్లు కూర్చోవచ్చు, టీ వస్తోంది.